నక్క పొగిడిన మేకలు

నక్కలు చేసిన మోసాల గురించి మీరు చాలానే విని ఉంటారు. ఇది ఒక నక్క చేసిన మేలు గురించి. కావాలని చేసింది కాదు లెండి, నోరు జారి జరిగిపోయింది.

కొండ కింద అడవిలో తేటమడుగు అని ఒక మడుగు ఉంది. ఎండాకాలం వచ్చి వాగులన్నీ ఇంకిపోయాక చుట్టుపక్కల జంతువులన్నిటికీ అదొక్కటే దిక్కు. పొద్దున్నే మొదట దిగినవాళ్ళకి అద్దంలాంటి నీళ్ళు. తరవాత వచ్చినవాళ్ళకి కాస్త కలక నీళ్ళు. ఆఖర్న వచ్చినవాళ్ళకి బురద. ఆ ఆఖరి వంతు ఏటా మేకలదే. కిందటి వేసవిలో ఆ బురద తాగి మేకపిల్లలన్నీ కడుపునొప్పితో మూలిగాయి. మందకి పెద్దదిక్కు చుక్కమ్మ. నల్లటి ఒంటి మీద తెల్లచుక్కల మేక. ఒక్కో పిల్ల దగ్గరికీ వెళ్ళి ఒళ్ళు నాకుతూ, వచ్చే ఏడు మాత్రం వీళ్ళకి మంచినీళ్ళు తాగించి తీరాలని అప్పుడే అనుకుంది.

మరి మడుగులో ఎవరు ముందు దిగాలో ఎవరు తేల్చాలి? కొట్టుకుని తేల్చుకుంటే కొమ్ములున్నవాళ్ళదే రాజ్యమవుతుందని ఎప్పుడో పెద్దలు ఒక ఆట పెట్టారు. దాని పేరు తాటిబుర్ర ఆట. ఎండిన తాటికాయని తలతోనో కాలితోనో తోసుకుంటూ పోయి ఎదుటి జట్టు గీత దాటించాలి. ఆఖరి ఆటలో గెలిచినవాళ్ళది వేసవంతా మొదటి వంతు, ఓడినవాళ్ళది రెండో వంతు. మిగతా జట్లకి వరస ప్రకారం. ఆటల రోజుల్లో ఎవరూ ఎవర్నీ తినకూడదని ఒట్టు కూడా ఉంది. అది లేకపోతే కుందేళ్ళ జట్టు సగం ఆటకే అయిపోయేది.

చిక్కల్లా ఒక్కటే. వాగు ఎండి ఇసక తేలాక, ఎండలు ముదరకముందు, ఆ నడిమి కాస్త రోజుల్లోనే ఆడుకోవాలి. ప్రతి జట్టూ ప్రతి జట్టుతో ఆడాలంటే వానాకాలం వచ్చేస్తుంది. అందుకని ముగ్గురు పెద్దలు కూర్చుని, ఎవరి ఆట ఎలా ఉందో చూసి జట్లకి వరస కడతారు. ఆ వరసలో మొదటి రెండు జట్లే ఆఖరి ఆట ఆడతాయి.

ఆ పెద్దల సంగతి కాస్త చెప్పాలి. కొంగ పంతులు ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకుని ఆట చూస్తాడు. అదేమిటంటే, కళ్ళు తెరిస్తే ధ్యాస చెదిరిపోతుందంటాడు. గోరింకమ్మ కళ్ళు తెరుచుకునే ఉంటుంది గానీ, ఆఖర్న ఎవరి మాట చెవిన పడితే అదే తన అభిప్రాయం అంటుంది. తాబేలు తాత ఆట చూడాలని పొద్దున్నే బయల్దేరతాడు. ఆయన వాగు చేరేసరికి ఆట అయిపోయి అందరూ ఇళ్ళకి పోతుంటారు. దారిలో ఎదురైనవాళ్ళని అడిగి సంగతులు తెలుసుకుంటాడు. కంటితో చూసే యోగం లేదు కాబట్టి, చెవిన పడ్డది మాత్రం ఒక్క ముక్క కూడా మర్చిపోడు. ముగ్గురూ మంచివాళ్ళే. పాపం, పెద్దరికం మీద పడింది, మోస్తున్నారు.

ఆ ఏడు అడవిపందులు ఆడిన ప్రతి ఆటా గెలిచాయి. వాటి నాయకుడు కోరన్నకి నీళ్ళ వంతు మీద ధ్యాసే లేదు. ఒకర్నొకరు తోసుకోవడంలో ఉన్న సరదా కోసం ఆడతాడు. మొదటి చోటు వాళ్ళదేనని అందరికీ తెలిసిపోయింది. గేదెలు ఒక్క పందుల చేతిలో ఓడాయి, అదీ ఒక్క గీత తేడాతో. కాబట్టి రెండో చోటు వాళ్ళదే అనుకున్నారు.

ఇక నక్కలు. వాళ్ళు ఒక్క ఆటా ఓడలేదు. ఓడే ఆట ఆడితే కదా! పందులతో ఆట ఉన్న రోజు వాళ్ళ నాయకుడు జంబయ్యకి జ్వరం వచ్చింది. గేదెలతో ఆట ఉన్న రోజు వాళ్ళ బామ్మ పోయింది. ఆ బామ్మ కిందటేడు కూడా పోయింది.

పెద్దలు నక్కలకి మూడో చోటు ఇచ్చారని తెలిసి జంబయ్య రుసరుసలాడుతూ వచ్చాడు.

"ఒక్క ఆటా ఓడని జట్టుకి మూడో చోటా? ఇదేం న్యాయమండీ?"

"ఎవర్ని గెలిచారు నాయనా?" అన్నాడు తాబేలు తాత.

"చాలామందిని."

"పేర్లు చెప్పు."

"కుందేళ్ళు... నెమళ్ళు..."

"ఊఁ."

"మేకలు. ఒక్క గీత తేడాతో."

కొంగ పంతులు మూసిన కళ్ళు తెరవకుండానే నవ్వాడు. గోరింకమ్మ "మేకలట! మేకలట!" అని చెట్టు చెట్టుకీ తిరిగి చెప్పొచ్చింది.

"ఎన్ని గెలిచావని కాదు జంబయ్యా, ఎవర్ని గెలిచావన్నది చూస్తాం" అన్నాడు తాత. "ఇంకా రోజులున్నాయిగా. పోయి గేదెలతో ఓ ఆట ఆడు."

"ఆడదును తాతా, కానీ మా బామ్మ..."

"మళ్ళీ పోయిందా?"

జంబయ్య తోక ముడుచుకుని ఇంటిదారి పట్టాడు. దారంతా ఒకటే ఆలోచన. గేదెలతో ఆడితే నడుం విరగడం ఖాయం. ఆడకుండా రెండో చోటు రావాలి. గెలిచిన ఆటలు ఎలాగూ గెలిచినవే, వాటిని ఇప్పుడు మార్చలేడు. కానీ ఓడినవాళ్ళని మార్చొచ్చుగా? మేకలది గొప్ప జట్టని పెద్దలు నమ్మితే, ఆ మేకల్ని గెలిచిన నక్కలు ఇంకెంత గొప్పవాళ్ళవ్వాలి! ఆ ఊహ తట్టగానే జంబయ్య తన తోకని తనే ముద్దుపెట్టుకున్నాడు.

ముందు కొంగ పంతులు దగ్గరికెళ్ళాడు.

"పంతులుగారూ, మేకల ఆట చూశారా మీరు?"

"కళ్ళు మూసుకుని మరీ చూశాను."

"అయితే మీకు నేను చెప్పాలా? ఆ పరుగేమిటి, ఆ మలుపులేమిటి! మాతో ఆడిన రోజు ఎదురెండ వాళ్ళ కళ్ళలో కొట్టింది గానీ, లేకపోతే మా పని అయిపోయేదే."

"నేనూ అదే అనుకున్నాను" అన్నాడు పంతులు. తమకి తెలియని సంగతి ఎవరైనా చెప్పినప్పుడు పెద్దల నోట వచ్చే మొదటి మాట అదే.

అక్కణ్ణించి గోరింకమ్మ చెట్టు కిందికి పోయాడు. "అక్కా, నీకొక్కదానికే చెప్తున్నా. చుక్కమ్మ తలతో కొడితే తాటిబుర్ర పగిలింది. పగిలిన బుర్ర దొర్లదు కదా, అందుకని మేం గెలిచాం. ఎవరితోనూ అనకేం."

సాయంత్రానికల్లా అడవంతా తెలిసిపోయింది. కాకపోతే బుర్ర పగిలిందన్న మాట నాలుగు చెట్లు దాటేసరికి తాటిచెట్టే పగిలిందని అయింది.

ఆఖర్న తాబేలు తాత దారిలో ఎదురయ్యాడు. ఏ ఆటకో బయల్దేరి ఇంకా సగం దారిలోనే ఉన్నాడు.

"తాతా, మనసులో మాట చెప్తున్నా. మేకల్లాంటి గట్టి జట్టుని నేనీ అడవిలో చూళ్ళేదు."

"గేదెల కన్నానా?"

"గేదెలెంత తాతా వీళ్ళ ముందు!"

"మీ కన్నానా?"

జంబయ్య ఒక్క క్షణం తడబడ్డాడు. కానీ పొగడటం మొదలుపెట్టాక మధ్యలో ఆగడం ఎంత కష్టమో, ఎప్పుడైనా పనిబడి ఎవర్నైనా పొగిడినవాళ్ళకి తెలుస్తుంది.

"దాపరికమెందుకు, మా కన్నా కూడా. న్యాయంగా ఆ ఆట మేకలదే. మేం అదృష్టం కొద్దీ గెలిచాం."

"ఊఁ" అన్నాడు తాత. ఆ మాట జాగ్రత్తగా లోపల దాచుకుని నడక సాగించాడు.

ఈ కబుర్లన్నీ మేకల మందకీ చేరాయి. పిల్లమేకలు చుక్కమ్మ చుట్టూ మూగాయి.

"అమ్మా, మనం నిజంగా అంత గొప్పగా ఆడతామా?"

చుక్కమ్మ నోట్లో ఆకు నములుతూ కాసేపు పిల్లల ముఖాలకేసి చూసింది. "నక్క అంతటివాడే చెప్పాడుగా" అంది. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు.

మర్నాటినుంచి మేకల నడకే మారిపోయింది. ఎప్పుడూ తల వంచుకుని పోయేవాళ్ళు తల ఎత్తి నడిచారు. పొద్దున్నే వాగులో దిగి, ఎవరూ చెప్పకుండానే తాటిబుర్రతో ఆడటం మొదలుపెట్టారు. మామూలుగా ఒకరి వెనక ఒకరు దాక్కునే పిల్లలు బుర్ర నాకంటే నాకని పోటీలు పడ్డారు. చుక్కమ్మ కళ్ళు చెమర్చాయి. ఎవరైనా చూస్తారేమోనని పొద వెనక్కి పోయింది.

ఆఖరి ఆటకి ముందు మేకలకి ఒకే ఆట మిగిలింది, అది గేదెలతో. గేదెల నాయకురాలు కాటుకమ్మ నెమ్మదస్తురాలు. ఆమె చెవికీ కబుర్లు చేరాయి.

"జాగ్రత్తర్రా, ఆ చుక్కమ్మ తాటిచెట్టునే పగలగొట్టిందట. ముందుకి పోకండి. అందరూ మన గీత మీదే నిలబడి కాచుకోండి" అంది తన జట్టుతో.

గేదెలన్నీ గోడ కట్టినట్టు వరసగా నిలబడ్డాయి. ఒక్కటీ ముందుకి కదల్లేదు. కదలని గేదె కాళ్ళ మధ్య మేకపిల్లకి కావలసినంత దారి! ఆట ముగిసేసరికి మేకలు ఒక గీత దాటించాయి, గేదెలు ఒక్కటీ దాటించలేదు. వాగు గట్టు మీద కుందేళ్ళు, నెమళ్ళు ఎగిరి గంతులేశాయి. తాబేలు తాత దారిలోనే ఆ కేకలు విని, "ఏమైందర్రా?" అని అడుగుతూ వచ్చాడు.

జంబయ్య సంతోషానికి పట్టపగ్గాల్లేవు. తను గెలిచిన మేకలు గేదెల్ని గెలిచాయి! ఇక రెండో చోటు ఎక్కడికి పోతుంది? మోదుగుపూల దండ ఒకటి గుచ్చుకుని ముందే మెళ్ళో వేసుకుని, జట్టునంతా వెంటబెట్టుకుని పెద్దల ముందుకొచ్చాడు.

కొంగ పంతులు గొంతు సవరించుకున్నాడు. "మొదటి చోటు అడవిపందులది."

"న్యాయం" అన్నాడు జంబయ్య.

"రెండో చోటు మేకలది."

"న్యా..." జంబయ్య నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. "మేకలదేమిటి? వాళ్ళని గెలిచింది మేమండీ!"

"గెలిచావు నాయనా. ఎలా గెలిచావో కూడా నువ్వే చెప్పావుగా" అన్నాడు తాబేలు తాత.

"ఎదురెండ వల్ల" అన్నాడు పంతులు.

"బుర్ర పగిలి!" అంది గోరింకమ్మ.

"వాళ్ళు మీ కన్నా గట్టివాళ్ళనీ, న్యాయంగా ఆ ఆట వాళ్ళదేననీ నాతో అన్నావు" అన్నాడు తాత. "ముగ్గురం తలో చోటా విన్నాం, చెప్పింది మాత్రం నువ్వొక్కడివే. పోటీలో ఉండి కూడా ఎదుటివాళ్ళని ఇంత మనసారా మెచ్చుకున్నవాణ్ణి నా జన్మలో చూళ్ళేదు జంబయ్యా. నీ మాట తీసెయ్యడానికి మనసొప్పలేదు."

"అబద్ధం చెప్పాను తాతా! అవన్నీ ఉత్త అబద్ధాలు! మేకలు ఉత్త మేకలే!"

"ఉత్త మేకల్నే గెలిస్తే, నీకు రెండో చోటు దేనికివ్వాలి?"

జంబయ్య రెండు వైపులా లెక్క చూసుకున్నాడు. మేకలు గొప్పవాళ్ళంటే వాళ్ళదే రెండో చోటు. కాదంటే తన గెలుపు దేనికీ పనికిరాదు. ఎటు తిరిగినా తన మాటే అడ్డొస్తోంది.

"మూడో చోటు గేదెలది. నాలుగోది మీది" అన్నాడు పంతులు. జంబయ్య మెళ్ళో పూలదండని పక్కనున్న పిల్లనక్క ఒకటి నెమ్మదిగా తీసేసింది.

ఆఖరి ఆట బ్రహ్మాండంగా జరిగింది. మేకలు ఒళ్ళు దాచుకోకుండా ఆడాయి. కానీ పందులు పందులే, రెండు గీతల తేడాతో గెలిచాయి. పిల్లమేకలు ఇసకలో కూలబడి బిక్కమొహాలు వేశాయి. పందులు మడుగులో దిగాక మిగిలే నీళ్ళెలా ఉంటాయో వాళ్ళకి తెలుసు. చుక్కమ్మకీ తెలుసు. ఇంతా చేసి మళ్ళీ బురదేనా అని ఆమె గుండె జారింది.

కోరన్న ఒళ్ళు దులుపుకుంటూ వచ్చాడు. "ఏమ్మా, పిల్లలు ఏడుస్తున్నారేం? బాగా ఆడారుగా!"

"నీళ్ళ గురించి, అన్నా. మీ తరవాత మాకేం మిగులుతుంది?"

"ఓసి నీ! మాకు మొదటి వంతెందుకమ్మా? తేటనీళ్ళలో దొర్లితే ఏం సుఖం? మీరంతా దిగి తొక్కితేనే కదా కాస్త చక్కని బురద తయారయ్యేది! మేం ఆఖర్న వస్తాం. మొదటి వంతు మీరు తీసుకోండి."

"మరి ఇన్నాళ్ళూ ఈ మాట చెప్పలేదేం?"

"ఎవరైనా అడిగితేగా" అన్నాడు కోరన్న.

వేసవి మొదటి రోజు పొద్దున్నే మేకలు మడుగు దగ్గరికి వెళ్ళాయి. వెనకాల దూరంగా గేదెలు, వాటి వెనక నక్కలు. జంబయ్య మాత్రం మెల్లగా జరిగి జరిగి ముందుకొచ్చాడు.

"చుక్కమ్మా, మీకింత పేరు రావడానికి కారణం ఎవరంటావు? నేనే కదా? కాస్త నన్నూ ముందు దిగనిద్దూ."

"నువ్వు మమ్మల్ని పొగిడిందంతా అబద్ధమని నాకా రోజే తెలుసు జంబయ్యన్నా. బుర్ర పగల్లేదు, ఎండా కొట్టలేదు. ఆడింది నేనే కదా."

జంబయ్య నిర్ఘాంతపోయాడు. "మరి పిల్లలకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? వాళ్ళ గురించి ఎవరైనా ఒక మంచిమాట అనడం అదే మొదటిసారి." చుక్కమ్మ కాస్త పక్కకి జరిగింది. "రా, నువ్వూ తాగు. నీ పుణ్యం ఊరికే పోనీను. ఇటు కాదు, ఆ చివరికి పో. తినకూడదన్న ఒట్టు ఆటల రోజులకే కదా."

పిల్లమేకలు నీటి అంచుకి పరిగెత్తాయి. పరిగెత్తి, మూతి పెట్టబోయి, ఠక్కున ఆగిపోయాయి. అన్నిటికన్నా చిన్నది భయంగా చుక్కమ్మ వైపు తిరిగింది.

"అమ్మా, లోపలెవరో మేకపిల్లలున్నారే!"

పారే వాగు నీళ్ళూ, మడుగులో బురదా తప్ప ఎరగనివాళ్ళు, తమ ముఖాలు తాము ఎన్నడూ చూసుకోలేదు మరి.

"అవి మీరేనర్రా" అంది చుక్కమ్మ. "తాగండి."

నీతి: తను పైకెక్కడానికి ఎదుటివాణ్ణి పొగిడేవాడు, ఆ పొగడ్త ఎక్కడ ఆపాలో ముందే చూసుకోవాలి.