లక్క ముద్ర వేసిన నూనెపెట్టె

అనగా అనగా, రథాలు గుర్రాలు లేకుండా ఆముదం తాగి నడిచే కాలంలో, గిరిదుర్గం అని ఒక చిన్న రాజ్యం ఉండేది. ఊరు కింద, కోట పైన, మధ్యలో మెలికలు తిరిగిన కొండదారి. వైద్యశాల కోటలోనే ఉండేది. అందుకని ఊళ్ళో ఎవరికి జబ్బు చేసినా ఆ దారి ఎక్కక తప్పేది కాదు.

పూర్వం రోగులను బోయీలు పల్లకీలో మోసుకెళ్ళేవారు. ఎండనక, వాననక మోసీ మోసీ వాళ్ళ భుజాలు కాయలు కాసిపోయేవి. నలభై దాటిన బోయీ నిటారుగా నిలబడితే అదే గొప్ప. సోమదత్త మహారాజుకు అది చూసి జాలి పుట్టింది. దూరదేశపు శిల్పులను పిలిపించి ఒక రథం చేయించాడు. దానికి హంసగమనం అని పేరు పెట్టాడు.

ఆ రథం సొగసే సొగసు. దాని పొట్టలో ఒక పెట్టె, ఆ పెట్టెలో చిన్న చక్రం, నడిమి చక్రం, పెద్ద చక్రం. ఎత్తు వస్తే చిన్న చక్రం, చదును వస్తే పెద్ద చక్రం. ఎవరూ చెప్పకుండానే రథం తనంతట తానే చక్రం మార్చుకునేది. ఆ చక్రాలన్నీ మందారపువ్వు రంగు నూనెలో మునిగి తిరిగేవి. దాన్ని చక్రతైలం అనేవారు. ఆముదం మండి ఆవిరైపోయేది కానీ, చక్రతైలం చుక్క కూడా తరిగేది కాదు. పెట్టెలో పోసింది పోసినట్టే ఉండేది.

రథానికి సారథి పైడమ్మ. ఆమె బోయీ అప్పన్న కూతురు. పైడమ్మది ఉడుంపట్టు. పట్టిందంటే విడిపించడం బ్రహ్మతరం కాదు. తండ్రి భుజం మీద నిమ్మకాయంత కాయను చూస్తూ పెరిగిన పిల్ల ఆమె. అందుకే రథం పగ్గాలు చేతికందిన రోజున, "ఇక మావాళ్ళెవరూ మనిషిని మోయరు" అని మనసులో ఒట్టు పెట్టుకుంది.

కొన్నేళ్ళు రథం పేరుకు తగ్గట్టే నడిచింది. ముసలివాళ్ళు, బాలింతలు కడుపులో చల్ల కదలకుండా కొండెక్కి వచ్చేవారు. ఆ తరువాత ఏం పుట్టిందో ఏమో, కుదుపు మొదలైంది. చక్రం మారినప్పుడల్లా రథం ఒక్కసారి ఆగినట్టై, వెనకనుంచి ఎవరో తన్నినట్టు ముందుకు ఎగిరేది. విరిగిన కాలు కట్టించుకోవడానికి వెళ్ళినవాడు రెండో కాలు కూడా పట్టుకుని దిగేవాడు. ఊరి పిల్లలు దానికి కప్పగమనం అని కొత్త పేరు పెట్టారు.

ఒకరోజు రాజుగారే ఎక్కారు. మొదటి మెలిక దగ్గర రథం ఎగిరింది. రాజుగారి నుదురు స్తంభానికి తగిలి బొప్పి కట్టింది.

"తొలకరి పడేలోగా ఇది నయమైతే సరి, లేదా దీన్ని పగలగొట్టి కరిగించేయండి! మళ్ళీ బోయీలనే పిలవండి!" అన్నాడు రాజు నుదురు రుద్దుకుంటూ.

బోయీల పేర్లు చదివారు. అనుభవం గలవాడని అప్పన్న పేరే ముందు పిలిచారు. పైడమ్మ తండ్రికి ఇప్పుడు మంచినీళ్ళ కడవ ఎత్తితేనే ఆయాసం. కొండ మీదికి పల్లకీ మోస్తే బతకడని ఆమెకు తెలుసు.

ముందు మంత్రులు, దారి బాగాలేదన్నారు. గుంతలు పూడ్చి, రాళ్ళు ఏరి, దారిని అద్దంలా చేశారు. రథం ఆ అద్దం మీద కూడా ఎగిరింది.

తరువాత కోశాధికారి మితవర్మ లేచాడు. ఆయన చెడ్డవాడు కాడు. రాజ్యం సొమ్ము వృథా అయితే ఆయనకు నిద్రపట్టదు, అంతే. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది! సారథిని మార్చి చూడండి ప్రభూ" అన్నాడు. రాజుగారి సొంత సారథి పగ్గాలు పట్టాడు. పాపం, అతను కుదుపుకు నాలుక కొరుక్కుని దిగాడు.

అప్పుడు పైడమ్మ ముందుకొచ్చింది.

"మహాప్రభూ, తప్పు దారిదీ కాదు, నాదీ కాదు. అయ్యగారు పెట్టించిన పొదుపు మీటది!"

ఆ మీట సంగతి చెప్పాలి. ఆముదం మిగల్చడానికి మితవర్మ రథానికి ఒక మీట పెట్టించాడు. దాన్ని కిందికి దించితే రథం తొందరపడి పెద్ద చక్రానికి మారిపోయి, తక్కువ ఆముదంతో నెమ్మదిగా నడిచేది. కొండ ఎక్కేటప్పుడు మాత్రం పెద్ద చక్రం లాగలేక నీలిగేది. పైడమ్మకు ఆ మీటంటే మొదటినుంచీ ఒళ్ళు మంట.

"మీట ఎత్తేస్తే రథం వెన్నలా నడుస్తుంది. నడవకపోతే నన్నేమైనా చెయ్యండి" అంది నిండు సభలో.

మీట ఎత్తేశారు. రథం హుషారుగా కదిలింది, ఎత్తు మీద నీలగడం మానేసింది. పైడమ్మ మొహం వెలిగింది. అంతలో చక్రం మారింది. దబ్బుమని అదే కుదుపు! పైగా ఆముదం కూడా ఎక్కువ తాగింది.

పైడమ్మ తల వంచుకుంది. తనకు గిట్టనిదాని మీద నేరం మోపిందే తప్ప, నేరం ఎక్కడుందో వెతకలేదు. ఆ సంగతి ఆమెకే తెలిసింది, తెలిసి సిగ్గుపడింది.

"ఇక తొలకరి దాకా ఆగను. రేపు పొద్దున్న సమ్మెటలు తెప్పించండి" అన్నాడు రాజు.

పైడమ్మ ఇంటికి వెళ్ళేసరికి అప్పన్న పాత తలగుడ్డ దులుపుతున్నాడు.

"ఏడవకే తల్లీ, మోసిన భుజమే కదా" అన్నాడు.

"నువ్వు మొయ్యవు నాన్నా. నేనుండగా మొయ్యవు" అంది పైడమ్మ. కూర్చోకుండానే మళ్ళీ గుమ్మం దిగింది. ఇంకో వారం గడువు ఇప్పించమని అడగడానికి నేరుగా మితవర్మ ఇంటికే నడిచింది. గిట్టనివాడైనా రాజుగారి దగ్గర మాట చెల్లేది ఆయనదే మరి.

మితవర్మ ఆమెను చూసి మొహం చిట్లించలేదు. ఇంటికొచ్చిన మనిషిని ఉత్తచేతులతో పంపే అలవాటు ఆ ఇంట లేదు. ఆయన భార్య కామాక్షమ్మ అప్పుడే వేసిన గారెలు ఆకులో పెట్టి ఇచ్చింది. పైడమ్మ ఒకటి కొరికింది. చేదు! బయట నల్లగా మాడింది, లోపల పిండి పిండిగా ఉంది. మింగలేక, కక్కలేక కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకు తెలుసమ్మా, చెప్పద్దు" అంది కామాక్షమ్మ. "నా చేతి గారెలు ఒకప్పుడు పెళ్ళిళ్ళకు అడిగేవారు. ఇప్పుడు ఈయన మూకుట్లో నూనె మార్చనివ్వరు. కాగి కాగి జిగురైపోయిందండీ అంటే, మూకుడు నిండా ఉంది కదా అంటారు!"

"నిండా ఉన్నదాన్ని పారబోస్తారా ఎవరైనా?" అన్నాడు మితవర్మ.

పైడమ్మ నోట్లో గారె నోట్లోనే ఉండిపోయింది.

"అయ్యగారూ, రథం పెట్టెలో నూనె ఎప్పుడు మార్చారు?"

"మార్చడమేమిటి? అది తరగని నూనె. ఎవరూ ముట్టుకోకుండా నేనే లక్క ముద్ర వేశాను. ఏటేటా సందులోంచి పుల్ల ముంచి చూస్తూనే ఉన్నాను. గీత దాకా ఉంది."

"గీత చూశారు. రంగు చూశారా?"

మితవర్మ ఆకులో ఉన్న గారెను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. చాలాసేపు నమిలాడు.

మర్నాడు కోట వాకిట్లో కమ్మరులు సమ్మెటలు పట్టుకుని నిలబడ్డారు. ఒక పక్క పల్లకీ, దాని పక్కన అప్పన్న. పైడమ్మ రథానికి అడ్డంగా నిలిచి చేతులు జోడించింది.

"మహాప్రభూ, నిన్న నేను తప్పు చెప్పాను. ఒప్పుకుంటున్నాను. రథాన్ని పగలగొట్టే ముందు ఆ నూనెపెట్టె ఒక్కసారి విప్పించండి."

"ముద్ర వేసిన పెట్టె విప్పడమంటే కోశాధికారి మాటను కాదనడమే" అన్నాడు రాజు. "నూనె బాగుందని తేలితే, పల్లకీకి ముందు పక్క నువ్వే భుజం పెట్టాలి. సరేనా?"

"సరే" అంది పైడమ్మ.

అంతలో మితవర్మ ముందుకు వచ్చాడు. అందరూ ఆయన అడ్డు చెబుతాడనుకున్నారు. ఆయన రథం కిందికి వంగి, తాను వేసిన ముద్రను తన చేత్తోనే పగలగొట్టాడు.

నూనె కారింది. మందార రంగు ఏ కోశానా లేదు. కాటుకలా నల్లగా, మాడు వాసనతో, వేళ్ళతో పట్టుకుంటే ఇనుప రజనుతో కరకరలాడుతూ కారింది. కాపలావాళ్ళు కూడా ముక్కు మూసుకున్నారు.

"తప్పు నాది ప్రభూ" అన్నాడు మితవర్మ. "ఎంత ఉందో చూశాను కానీ, ఎలా ఉందో చూడలేదు."

కొత్త చక్రతైలం పోశారు. పైడమ్మ వాకిలి చుట్టూ ఒక తిప్పు తిప్పింది. దబ్బుమని కుదుపు! జనం గొల్లున నవ్వారు. కమ్మరి సమ్మెట ఎత్తాడు.

"ఆగన్నా!" అంది పైడమ్మ. "పెట్టె మూలమూలల్లో పాత నూనె దాక్కుని ఉంటుంది. కొత్తది దానితో కలిసింది. మళ్ళీ తియ్యండి."

మళ్ళీ తీశారు. ఈసారి గోధుమరంగు నూనె వచ్చింది. ఇంకోసారి కొత్తది పోసి తిప్పితే కుదుపు సగానికి తగ్గింది. నవ్వేవాళ్ళూ సగమయ్యారు. మూడోసారి తీస్తే నూనె ఎర్రగా వచ్చింది. మళ్ళీ పెట్టె నింపించి, నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని రాజుకు చూపించింది పైడమ్మ.

"ఎక్కండి ప్రభూ."

రాజు తన నుదురు ఒకసారి తడుముకుని ఎక్కాడు. మితవర్మ సారథి పక్కన కూర్చున్నాడు. కోట దిగి, ఊరిబయట చదునునేల మీద రథాన్ని పరుగెత్తించారు. పొదుపు మీట కిందికి దించి ఉన్నా చక్రం ఎప్పుడు మారిందో తెలియలేదు. పాత అలవాటు కొద్దీ పైడమ్మ చెయ్యి మీటను ఎత్తడానికి వెళ్ళింది. వెళ్ళి, ఆగింది.

"ఉండనివ్వనా అయ్యగారూ? చదును మీద ఇది బాగానే ఉంది. ఆముదమూ మిగులుతుంది."

మితవర్మ నవ్వాడు. కొండ అడుగుకు రాగానే మీటను ఆయనే పైకి ఎత్తాడు. "ఎక్కుడు మీద పొదుపు పనికిరాదు. లాగనివ్వు" అన్నాడు.

రథం మొదటి మెలిక తిరిగింది. చిన్న చక్రం, నడిమి చక్రం, మళ్ళీ చిన్న చక్రం. ఎక్కడా ఉలుకూ లేదు, పలుకూ లేదు. కోట వాకిట్లో రథం ఆగేసరికి జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. లోపలినుంచి రాజు దిగలేదు. పైడమ్మ భయపడి తెర తీసి చూసింది. రాజుగారు దిండుకు ఆనుకుని హాయిగా గురక పెడుతున్నారు.

చప్పుడుకు కళ్ళు తెరిచి, "ఏమమ్మా, కొండ ఎక్కడం ఎప్పుడు మొదలుపెడతావు?" అన్నాడు.

వాకిలంతా గొల్లుమని నవ్వింది. ఈసారి ఆ నవ్వుకు పైడమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

ఏటేటా తొలకరికి ముందు చక్రతైలం రంగు చూసి మార్చాలని రాజు ఆజ్ఞ ఇచ్చాడు. ఆ చూసే పనిని మితవర్మ అడిగి మరీ తీసుకున్నాడు. ఆ వానాకాలమంతా అప్పన్న భుజం మీదికి తువ్వాలు తప్ప మరేదీ ఎక్కలేదు.

కాబట్టి పిల్లలూ, తరగలేదు కదా అని చెడలేదనుకోకూడదు. నోరు లేకుండా మనకు సేవ చేసేదాని మంచిచెడ్డలు మనమే చూసుకోవాలి.