కూచున్నమ్మ కనుమ

నూలేటిపల్లెకు పడమరగా ఆమడ దూరంలో, రెండు బోడికొండల నడుమ సన్నని దారి ఒకటి ఉన్నది. దీనిని కూచున్నమ్మ కనుమ అంటారు. బస్సు కొండ కిందివరకే వస్తుంది. అక్కడి నుంచి మూడు మైళ్ళు నడక. పైన నీటి వసతి లేదు గనుక భక్తులు వెంట తెచ్చుకోవడం మంచిది.

ఇక్కడ గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. ఒంటిగా నిలిచిన పెద్ద గుండురాయి, దాని నీడన నడుమెత్తు రాళ్ళకుప్ప, ఆ కుప్పకు చుట్టిన పసుపు గుడ్డ. అంతే. కొత్తగా వచ్చినవారు అమ్మవారి విగ్రహం ఏదని అటూ ఇటూ వెతుక్కుంటారు. విగ్రహం లేదు. రాళ్ళకుప్పే అమ్మవారు. పదేళ్ళ కిందట కమిటీవారు చలువరాతి విగ్రహం చేయించాలని ఆర్భాటంగా బయలుదేరి, ముఖం ఎలా ఉండాలో శిల్పికి చెప్పగలవారు లేక ఊరుకున్నారు.

దించనివారు అనే ఇంటిపేరు గల సాలె కుటుంబాలకు ఈ తల్లి ఇలవేల్పు. ఆ ఇంటిపేరు ఎలా వచ్చిందని అడిగితే వారి పెద్దలు తలవంచుకుంటారు. తలవంచుకోవలసిన కథే అది. దాన్ని నగలు తొడిగి చెప్పడం ఈ స్థలానికి మర్యాద కాదు.

పూర్వం ఈ వంశానికి పడుగువారు అని పేరు. వీరి మూలపురుషుడు దేవళయ్య తుంగభద్రకు ఆవల హొన్నవాడ అనే పేటలో మొదటి మగ్గం గుంత తవ్వాడని వంశావళి పాడేవారు చెబుతారు. ఏటి వరదకు ఒకసారి, దండు దోపిడీకి ఒకసారి, పాలెగాని కోపానికి ఒకసారి, ఇలా దేవళయ్య సంతతి ఏడుమార్లు ఊరు విడిచింది. ఏ ఊరూ వీరికి మూడు తరాలకు మించి అచ్చిరాలేదు. పోయిన ప్రతిసారీ ఇళ్ళు వదిలారు, గొడ్లను వదిలారు, మగ్గం కట్టెలను సైతం వదిలారు. అచ్చును మాత్రం వదలలేదు.

నేతపని ఎరుగనివారికి అచ్చు అంటే ఏమిటో చెప్పాలి. పడుగు దారాలను వరుసగా పట్టి ఉంచే దువ్వెన వంటి చట్రం అది. ఒక బట్ట నేయడం ముగిశాక ఆ దారాలను పూర్తిగా లాగివేయరు. అచ్చులో జానెడు కొసలు మిగులుస్తారు. కొత్త పడుగు దారాలను ఒక్కొక్కటిగా ఆ పాత కొసలకు నులిమి అతుకుతారు. ఏ సాలెవారింటనైనా ఇది పనిలో సులువు కోసం చేసేదే. పడుగువారు దాన్ని వ్రతం చేసుకున్నారు. దేవళయ్య వేసిన మొదటి దారం నుంచి తమ మగ్గం మీది దారం వరకు తెంపు లేదని వారి నమ్మకం, వారి గర్వం కూడా. వలస పోయేటప్పుడు అచ్చును కులపెద్ద ఇంటి పెద్దకోడలే తలకెత్తుకోవాలి. మరొకరు ముట్టరాదు. కొత్తచోట గుంత తవ్వి మగ్గానికి కట్టేదాకా అది నేల తాకరాదు. తాకితే వంశం తెగుతుందని దేవళయ్య నాటి కట్టడి.

ఎనిమిదో వలస నాటికి ఆ ఇంటి పెద్దకోడలు ఓబులమ్మ.

బతికుంటే బలుసాకు తినవచ్చునంటారు. ఆ ఏడు బలుసాకు కూడా లేదు. మూడేళ్ళుగా వాన చుక్క ఎరుగని కరువు. ఓబులమ్మ పెనిమిటి మొదటి ఏడే పోయాడు. ఆమెకు మిగిలింది ఐదేళ్ళ కూతురు సుంకులి. ఉమ్మడి ఇంట్లో మరుదులూ ఆడబిడ్డలూ వదినా వదినా అని పిలవడం విని, ఆ పిల్ల కూడా తల్లిని వదినా అనే పిలిచేది. ఇంటిల్లిపాదీ నవ్వేవారు. దిద్దబోయిన ఓబులమ్మకూ నవ్వొచ్చి, చివరకు అలాగే పిలవనిచ్చింది.

మామ చౌడప్ప కులపెద్ద. మనసు మంచిది, పట్టు చెడ్డది. నూలేటి ఒడ్డున ఊటనీరు ఉన్నదనీ, అక్కడివారు నేతగాళ్ళకు చోటిస్తున్నారనీ విని ఆయన తనవారిని కదిలించాడు. ముప్పై ఇళ్ళవారు బయలుదేరారు. ఈ కనుమ చేరేనాటికి పద్దెనిమిది ఇళ్ళవారే మిగిలారు. తక్కినవారు ఏ చెట్టు కింద ఆగిపోయారో వెనుదిరిగి చూసే ఓపిక ఎవరికీ లేకపోయింది.

కనుమ ఎక్కి ఈ గుండు దగ్గరికి వచ్చేసరికి సుంకులి తల్లి కొంగు వదిలేసి దారిలో చతికిలబడింది.

"వదినా, ఎత్తుకోవే" అన్నది.

ఓబులమ్మ రెండు చేతులూ తల మీది అచ్చును పట్టుకుని ఉన్నాయి. చుట్టూ చూసింది. ప్రతి భుజం మీదా ఒక ముసలిదో, ఒక పసిదో ఉన్నది. ఆమె మామవైపు తిరిగింది.

"మామా, ఒక్క గడియ దించుతా. బిడ్డను చంకనేసుకోని మల్లా ఎత్తుకుంటా."

"ఏడు వలసలమ్మా" అన్నాడు చౌడప్ప. "ఏడు తూర్లూ నేల తాకలే. నీ చేతిలోనే తాకల్లా? బిడ్డను ఈ గుండు నీడన కూచోబెడదాం. ఊరు ఇంక ఆమడే. మాపటికి అచ్చు కట్టేస్తాం. రేపు ఈపాటికి నువ్వే వచ్చి తెచ్చుకుందువు."

నాలుగడుగులకు మించి మోయలేని ఆయన స్వయంగా పిల్లను ఎత్తి నీడలో కూర్చోబెట్టి, ముంతలో మిగిలిన నీళ్ళు దాని ముందు పెట్టాడు. ఓబులమ్మ వంగి కూతురి తల నిమరడానికి కూడా వీలు కాలేదు. వంగితే అచ్చు జారుతుంది.

"ఈడనే కూచో సుంకీ. యాడికీ లేచి పోవద్దు. అచ్చు దించి వస్తా."

"బిరీన రా వదినా" అన్నది పిల్ల.

నూలేటిపల్లెలో వారికి చూపిన చోట జానెడు మన్ను కింద అంతా బండ. నేసేవాని కాళ్ళు దిగేందుకు మోకాలిలోతు గుంత అయినా లేనిదే మగ్గం నిలవదు. గునపం పట్టిన చేతులకు నాలుగు దినాలుగా కూడు లేదు. నాలుగు పోట్లు పొడిచి ఒకడు కూలబడితే మరొకడు అందుకోవాలి. సాయంత్రానికి అయిపోతుందన్న గుంతకు మూడు రోజులు పట్టింది.

ఆ మూడు రోజులూ ఓబులమ్మ అచ్చును ఒడిలో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నది. పిల్ల కోసం ఎవరినైనా పంపమని మొదటి రోజు అడిగింది. పంపితే గుంత దగ్గర ఒక చెయ్యి తక్కువవుతుంది, పని ఇంకా ఆలస్యమవుతుంది, నీ పోక ఇంకా ఆలస్యమవుతుంది అన్నాడు చౌడప్ప. ఆ మాట సబబుగానే తోచింది ఆమెకు. రెండో రోజు ఏడ్చింది. మూడో రోజు ఏడవలేదు. గునపం చప్పుడు ఆగినప్పుడల్లా తల ఎత్తి చూసేది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఓబులమ్మ చేతులను ఎవరూ కట్టివేయలేదు. అచ్చును పక్కన పెట్టి లేచి పరుగెత్తి ఉంటే, వెంటబడి ఆపే సత్తువ ఆ మగవారిలో ఒక్కరికీ లేదు. ఆ సంగతి ఆమెకు అప్పుడూ తెలుసు. తర్వాత బతికినన్నాళ్ళూ ఆమెను కాల్చింది మామ మాట కాదు, ఈ సంగతే.

నాలుగో రోజు పొద్దున గుంత ముగిసింది. అచ్చు మగ్గానికి కట్టారు. ముడి పడీ పడకముందే ఓబులమ్మ కనుమ దారి పట్టింది.

గుండు నీడన పిల్ల లేదు. రాళ్ళకుప్ప ఉన్నది. దాని పక్కన బీరన్న అనే ముసలి గొర్రెల కాపరి కూర్చుని ఉన్నాడు.

"ఈడ ఒక పిల్ల ఉండాల" అన్నది ఓబులమ్మ. "ఇంత పిల్ల. నేను కూచోమన్నా."

బీరన్న రాళ్ళవైపు చూస్తూ చెప్పాడు.

"మొదటి దినమే అగుపడె తల్లీ. గుడిసెకు రా, గంజి పోస్తా అంటి. రాలే. మా వదిన ఈడనే కూచోమనింది, లేస్తే తిడ్తాది అనె. రెండో దినం ఎత్తుకపోదామని చెయ్యేస్తే కరిచె. ఉన్న గంజి ముంతలో పోసి, గొర్రెలకు నీళ్ళు చూడను పోతి. నిన్న వచ్చేతలికి అట్లనే కూచోనుండాది. కూచోనే పోయింది. నక్కలు రాకుండా రాళ్ళు పేర్చినా. నువ్వు దానికి ఏమైతావో నాకు తెలీదు గానీ, చెప్పిన మాట తప్పలేదు తల్లీ ఆ బిడ్డ."

ఓబులమ్మ ఒక రాయి మీద చెయ్యి వేసింది. తీయబోయి తీయలేకపోయింది. ఆ పక్కనే కూర్చున్నది. పిల్ల కాస్త చెడ్డపిల్ల అయి ఉంటే, తల్లి మాట పెడచెవిన పెట్టే రకం అయి ఉంటే, ముసలివాని గుడిసెలో బతికి ఉండేది. అంత బుద్ధిమంతురాలిని పెంచుకున్నది తానే.

ఏడోనాడు పడుగువారంతా ఆమెను పిలుచుకుపోవడానికి వచ్చారు. కొత్త పడుగు సిద్ధమైంది, మొదటి కొస అతకవలసింది పెద్దకోడలి చెయ్యే. ఆమె వారివైపు చూడను కూడా చూడలేదు. చౌడప్ప వెనుదిరిగి వెళ్ళాడు. మరునాడు మగ్గం నుంచి అచ్చు విప్పి, తన తల మీద పెట్టుకుని వచ్చాడు. ఆ వంశంలో మగవాడు అచ్చు మోయడం అదే మొదలు. రాళ్ళకుప్ప ముందు మోకరిల్లి దాన్ని మట్టి నేల మీద పెట్టాడు.

"దించినా తల్లీ" అన్నాడు. "చూడు సుంకమ్మా. దించేసినా."

వెంట వచ్చినవారు భయంతో కళ్ళు మూసుకున్నారు. ఏమీ కాలేదు. ఉరుము ఉరమలేదు. ఎవరూ నెత్తురు కక్కుకోలేదు. పాత దారపు కొసలు గాలికి కాస్త కదిలి ఊరుకున్నాయి. ఏదైనా జరిగి ఉంటే బాగుండేది. ఆ కట్టడి నిజమై ఉంటే, పిల్ల ఒక నిజం కోసం పోయిందని చెప్పుకోవడానికైనా ఉండేది. అచ్చు ఉత్త కట్టెలాగా మట్టిలో పడి ఉన్నది.

ఓబులమ్మ దాన్ని చూసింది. మామను చూసింది.

"ఇంతేనా మామా?" అన్నది.

చౌడప్ప నుదురు మట్టికి ఆనించాడు.

స్థల మహిమలు చెప్పేచోట అమ్మవారు కలలో కనబడి గుడి కట్టమని ఆజ్ఞ ఇవ్వడం రివాజు. వీరు కూడా ఆ కల కోసం కాచుకున్నారు. పిల్ల దేవత అయిందని వింటే గుండె బరువు కొంత దిగుతుందని ఆశ. ఎవరికీ కల రాలేదు. చివరకు నూలేటిపల్లె పూజారి, పాపం మంచి మనసుతోనే, కనుమకు వచ్చి తన మధ్యాహ్నపు కునుకులో సుంకులి బంగారు గాజులతో కనబడిందన్నాడు. తాను సుఖంగా ఉన్నాననీ, ఏడవవద్దనీ తల్లితో చెప్పమన్నదట.

"నన్నేమని పిలిచె?" అని అడిగింది ఓబులమ్మ.

"అమ్మా అనే" అన్నాడు పూజారి.

"అయితే అది నా బిడ్డ కాదు సామీ" అన్నది ఆమె. పూజారి వచ్చిన దారినే దిగిపోయాడు. నాటి నుంచి నేటి వరకు తనకు కల వచ్చిందని ఈ స్థలంలో ఎవరూ చెప్పుకోలేదు.

ఊరివారి నోళ్ళకు మూతలు ఉంటాయా? బిడ్డను దించినారు గానీ అచ్చు దించనోళ్ళు అని నూలేటిపల్లె వీరిని వేలెత్తి చూపింది. మరుసటి ఏడు వంశావళి పాడేవారు వచ్చి, పడుగువారి కీర్తి అని ఎత్తుకోగానే చౌడప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ పేరు ఇంక లేదు. ఊరు పిలిచేదే పాడండి. దించనివారని పాడండి."

కొడుకులు మండిపడ్డారు. "తిట్టును ఇంటిపేరు చేసుకుంటామా నాయనా?"

"అది మనది కాకపోతే ఇంకెవురిదిరా?" అన్నాడు ఆయన. నాటి నుంచి అదే ఇంటిపేరు. నూలేటిపల్లె కూడా వీరికి మూడు తరాలకు మించి అచ్చిరాలేదు. వీరి సంతతి నేడు షోలాపూరు, భివండి, సూరత్ మరమగ్గాల దగ్గర చెదిరిపోయి ఉన్నది. శుభలేఖల మీద ఆ పేరు అలాగే అచ్చవుతుంది.

ఓబులమ్మ ఊరికి తిరిగి పోలేదు. బీరన్న ఇంటివారు పోసిన గంజితో పదకొండేళ్ళు కనుమలోనే ఉన్నది. చనిపోయేముందు తనను కూతురి పక్కన పెట్టవద్దన్నది. ఆలస్యంగా వచ్చినదానికి పక్కన కూచునే మొగం లేదన్నది. కొండ కింద దారిలో ఎక్కడో పూడ్చారు. ఆ చోటు ఇప్పుడు ఎవరికీ తెలియదు.

ఏటా వైశాఖంలో మూడు రోజులు దించనివారు ఎక్కడెక్కడి నుంచో ఇక్కడికి వస్తారు. ప్రతి ఇంటి పెద్దకోడలు రాగిగంజి తెచ్చి రాళ్ళ మీద పోస్తుంది. మొక్కులు లేవు, ముడుపులు లేవు. అమ్మవారిని కొలిస్తే సంతానం కలుగుతుందా, వానలు పడతాయా అని యాత్రికులు అడుగుతారు. తెలియదనే పెద్దలు చెబుతారు. ఒక్కసారి ఎత్తుకోమని అడిగిన పిల్లకు ఆ ఒక్కటీ ఇవ్వనివారికి, వరం అడగడానికి నోరెలా వస్తుంది? తప్పిపోయిన గొర్రెపిల్ల ఈ గుండు దగ్గరే కూర్చుని దొరుకుతుందని మాత్రం కాపరులు అంటారు. ఈ స్థలం మహిమ అని చెప్పదగినది అదొక్కటే.

ఏ గడప దాటినా మనవారు పోతున్నామని అనరు, వెళ్ళొస్తామంటారు. ఇక్కడ ఆ మాట పనికిరాదు. గంజి పోయడం అయ్యాక దించనివారు రాళ్ళకుప్ప ఎదుట నిలబడి, "పోతున్నాం సుంకమ్మా" అని చెప్పి దిగిపోతారు. వినేవారికి అది కటువుగా, అశుభంగా తోస్తుంది. అలవాటు చొప్పున వెళ్ళొస్తాం అనబోయే కొత్తకోడళ్ళ నోటికి అత్తలు చెయ్యి అడ్డం పెడతారు. మరుసటి ఏడు తప్పక వచ్చేవారు కూడా వస్తామని చెప్పరు. చెబితే ఆ పిల్ల నమ్ముతుంది.