ప్రాణానికి అంకెలు లేని ఆట

ఇక మీదట ఆటకు రానని హైమ చెప్పేసరికి ప్రణీత్‌కి ఒళ్లు మండింది. తను మొదటిసారి కథ నడిపిన రోజే ఇలా అనాలా, మరీ విడ్డూరం కాకపోతే!

నెల్లూరులో ఆ ఆట వాళ్లకు నేర్పింది మస్తానయ్య మాస్టారు. బల్ల చుట్టూ కూర్చుని కథలో తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు కథ నడుపుతారు, ఏం జరుగుతుందో తేలని చోట పాచికలు వేస్తారు. వేరే చోట్ల పాత్రకు ఇంత ప్రాణమని అంకె వేసుకుని, దెబ్బ తగిలినప్పుడల్లా అందులోంచి తీసేస్తారు. మాస్టారి దగ్గర అంకెల్లేవు. దెబ్బ తగిలితే ఏమైందో, ఇక ఏం చేయలేడో మాటల్లో చెప్పాలి.

ఓస్, ఇంతేనా అనుకున్నాడు ప్రణీత్. కోటగోడ దగ్గర హైమ పాత్ర అయిన విలుకాడికి బాణం తగిలింది. పాచికలు చూసి పోయాడనేశాడు. అనేసి పక్కవాడి వైపు తిరిగి, నువ్వేం చేస్తావని అడిగాడు. ఎన్నో నెలలుగా పెంచుకున్న పాత్ర అది. మిగతా ఆటంతా హైమ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది పాపం.

ఆట అయ్యాక ప్రణీత్ మాస్టారి దగ్గర మొరపెట్టుకున్నాడు. అంకెలు లేకపోతే ఎవరు ఎప్పుడు పోవాలో తనకెలా తెలుస్తుందన్నాడు. ఆటలో చావుకి ఇంత అలకేమిటని ఎగతాళి కూడా చేశాడు. హైమ అక్కడే సంచి సర్దుకుంటోంది. అంతా వింది.

మాస్టారు లేచారు. తలుపు దాకా వెళ్లి, భుజమ్మీది కండువా తలనిండా కప్పుకుని, ముసలామెలా నెమ్మదిగా బల్ల దగ్గరికి వచ్చారు.

"నాయనా, మా అబ్బాయి మీతో కోటకు వచ్చినాడంట. ఇంకా ఇంటికి రాలా. చూసినావా?"

ప్రణీత్‌కి నవ్వొచ్చింది. మాస్టారి మొహంలో నవ్వు లేదు. సరేలే అనుకుని, "చూశానమ్మా, గోడ దగ్గర పడి..." అన్నాడు.

"పేరు పెట్టి పిలిచినావా నాయనా? పిలిస్తే పలికేవాడే."

ఆ రోజంతా ప్రణీత్ ఆ పాత్రను విలుకాడనే అన్నాడు. ఎంత గింజుకున్నా పేరు గుర్తు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు. మాస్టారు మాత్రం కండువా తియ్యకుండా అలాగే నిలబడి ఉన్నారు.

చివరికి హైమ దగ్గరికి వెళ్లాడు. తలెత్తలేకపోయాడు.

"అతని పేరేంటి హైమా?"

"చెంచయ్య," అంది హైమ. సంచి భుజానికి తగిలించుకుంటూ, "పేరొక్కటే చాలా?" అంది.

చాలదు, చెంచయ్యకేమైందో మాటల్లో చెబుతానన్నాడు ప్రణీత్. హైమ మళ్లీ కూర్చుంది.