గీత చివర కూర్చున్న మనిషి

సీతన్న గురువుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా చేతిలో పని ఆపేవారు కాదు. పని ఆపితే వాదన మొదలవుతుందని ఆయన భయం. ఆ రోజు మఠం అరుగు మీద చేటతో రాగులు చెరుగుతుండగా శిష్యుడు తవిటయ్య వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"గురువుగారూ, నాకు భజనలో తాళం పట్టడం నేర్పింది సూరిబాబు. ఇప్పుడతను మనల్ని వదిలేసి ఏటి అవతల మఠంలో చేరాడు. అతని గొంతు గాలివాటున ఇటు వినిపిస్తే నాకు సంతోషమేస్తోంది. అది మన మఠానికి ద్రోహమని మనవాళ్ళు అంటున్నారు. అవునాండీ?"

గురువుగారు పొట్టు ఊదేసి, రేగులవలస గవరయ్య సంగతి చెప్పారు.

రేగులవలసలో ఏటా కోతలయ్యాక చెడుగుడు పోటీ జరిగేది. బరి మధ్యన సున్నంతో గీత గీయడం గవరయ్య పని. గీసిన మనిషే ఆ గీత చివర కూర్చోవాలి. ఆటలో చెయ్యి గీతకు తగిలిందా లేదా అని తగువొస్తే అతని మాటే ఆఖరు. అది ఆ ఊరి కట్టుబాటు. ఎప్పుడూ ఎదురు నిలిచే పొరుగూరు నీలిపేట వాళ్ళు కూడా ఆ మాటకు తలవంచేవారు.

ఊరి ఆటగాళ్ళలో దాలినాయుడంటే గవరయ్యకు ప్రాణం. భార్య పోయిన ఏడు గడప దాటని మనిషిని మళ్ళీ బరి దాకా నడిపించింది ఆ కుర్రవాడి కూతే. దాలినాయుడు కూత పట్టి అవతలివాళ్ళ మధ్యకు దూకితే, ఇక్కడ గవరయ్య కూడా ఊపిరి బిగబట్టేవాడు. అతను క్షేమంగా తిరిగొచ్చాకే వదిలేవాడు. "ఆడేది వాడు, ఆయాసం మావకి" అని జనం నవ్వుకునేవారు.

అలాంటి దాలినాయుడు నీలిపేట పిల్లను చేసుకుని అక్కడికే ఇల్లరికం వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు పోటీకి నీలిపేట జట్టుతో కలిసి వచ్చాడు.

ఆ పొద్దున గవరయ్య గీత గీస్తుంటే రేగులవలస జట్టు నాయకుడు బంగార్రాజు వచ్చి నిలబడ్డాడు. "ఏటి మావా, ఇయ్యాల ఊపిరి ఎవరికోసం పడతావు?" అన్నాడు. పక్కనున్నవాడు అందుకుని, "గీత కాస్త నీలిపేట వైపు వంగినట్టుందిరా" అన్నాడు. అందరూ నవ్వారు. గవరయ్య కూడా నవ్వాడు గానీ, వాళ్ళు వెళ్ళాక వంగి గీతను మరోసారి చూసుకున్నాడు.

ఆట సరిసమానంగా సాగి చివరికి ఒక్క కూత మిగిలింది. దాలినాయుడు వచ్చాడు. ఒకణ్ణి తాకి వెనక్కి మళ్ళేలోగా నలుగురు అతని మీద పడ్డారు. కూత ఆగకముందే చెయ్యి గీతకు తగిలితే గెలుపు నీలిపేటది, తగలకపోతే రేగులవలసది. ఆ మనుషుల కుప్ప కిందనుంచి ఒక చెయ్యి పాకుతూ వచ్చింది. కూత సన్నగా వినబడుతూనే ఉంది. వేళ్ళ కొసలు సున్నాన్ని తాకాయి. ఆ తర్వాతే కూత ఆగింది.

గవరయ్య అంతా చూశాడు. అప్పటిదాకా తాను ఊపిరి బిగబట్టి ఉన్న సంగతీ అతనికి అప్పుడే తెలిసింది. సొంత ఊరు ఓడిపోతుంటే ఒళ్ళు అవతలివాడి కోసం తపించిపోయింది. అతనికి సిగ్గేసింది. "తగిలిందా మావా?" అని రెండు జట్లూ అడిగాయి. ఊరు ఊరంతా అతని మొహంలోకే చూస్తోంది.

"అందలేదు" అన్నాడు.

బరి చుట్టూ ఈలలు, కేకలు. "మావ మన మావేరా" అంటూ బంగార్రాజు, ఇంకో ఇద్దరు కలిసి గవరయ్యను భుజాలకెత్తుకున్నారు. నీలిపేట వాళ్ళు దాలినాయుడి మీదికి వచ్చారు. "నీ చెయ్యి సంగతి నీకు తెలీదా? తగిలిందో లేదో నువ్వు చెప్పు."

"గీత చివర కూర్చున్నది మావ. అందలేదన్నాడంటే అందలేదు" అన్నాడు దాలినాయుడు. ఆ మాట అంటూనే కుడిచేతిని వెనక్కి పెట్టి నిక్కరుకు తుడుచుకున్నాడు. నీలం గుడ్డ మీద తెల్లటి చార పడింది. భుజాల మీద ఎత్తున ఉన్న గవరయ్య కంటికి తప్ప అది మరెవరికీ కనబడలేదు.

"నన్ను దింపండ్రా" అన్నాడు గవరయ్య. దిగి నేరుగా దాలినాయుడి దగ్గరికి వెళ్ళాడు.

"నోరు విప్పలేదేంరా?"

"సాయంత్రానికి నేను మా ఊరు పోతాను మావా. నువ్వు ఇక్కడే ఉండాలి కదా."

గవరయ్య అతని కుడిచేతిని పట్టుకుని అందరికీ కనబడేలా పైకెత్తాడు. గోళ్ళ సందుల్లో సున్నం ఇంకా ఉంది.

"తగిలింది. నేను అబద్ధం చెప్పాను. తగిలిందంటే వీడి మీద ఆపేక్షతో అంటున్నాననుకుంటారని భయపడ్డాను. ఆపేక్ష ఉంది. లేదని ఎందుకనాలి? ఇన్నేళ్ళు వీడు నాకిచ్చింది తక్కువా? కానీ గీత మన ఊరిది. దాని మీద అబద్ధం ఆడకూడదు." సున్నం బుట్ట తెచ్చి బంగార్రాజు ముందు పెట్టాడు. "వచ్చే ఏడు ఇంకెవరినైనా చూసుకోండి."

బంగార్రాజు బుట్ట వంక చూడలేదు. అప్పటికే తన చేతికొచ్చిన గెలుపు కప్పును ఓసారి తిప్పి చూసుకుని దాలినాయుడికి అందించాడు. "పట్టుకుపోరా. మీ అత్తోరికి చూపించుకో" అన్నాడు. తర్వాత గవరయ్య వైపు తిరిగి, "ఇంకెవరినని చూస్తాం మావా? మాకైతే ఎవడైనా చాలు. నీలిపేటోళ్ళు నమ్మొద్దా?" అన్నాడు.

ఆ సాయంత్రం గవరయ్య నీలిపేట బండి వెంట పొలిమేర దాకా నడిచి వెళ్ళి దాలినాయుణ్ణి సాగనంపి వచ్చాడు. దారిలో ఎదురైన వాళ్ళెవరూ అతన్ని ఏమీ అనలేదు. ఒకరిద్దరు అతనితో కలిసి నడిచారు.

గురువుగారు చెప్పడం ముగించారు గానీ చేట ఆడించడం మాత్రం ఆపలేదు. తవిటయ్య అడిగాడు.

"అయితే గవరయ్య తన ఊరికి ద్రోహం చేసినట్టా, చెయ్యనట్టా గురువుగారూ?"

"చేశాడు నాయనా, ఒక్కసారి" అన్నారు గురువుగారు. "ఊరంతా అతన్ని భుజాలకెత్తుకున్నప్పుడు."