పాకం పడిన చెయ్యి

అనగనగా చెరుకుతోటల నడుమ ఒక ఊరర్రా. చలికాలం వచ్చిందంటే ఊరంతా బెల్లం వాసనే. మా చిన్నప్పుడు ఆ వాసనకే మెలకువ వచ్చేది, ఇప్పుడెక్కడిదీ? సరే, ఆ ఊళ్ళో నూకాలని ఓ కోడలు. అయిదో నెల కడుపుతో ఉందట.

ఓ పొద్దున బెల్లం వండే పెద్ద పెనంలో పాకం కలుపుతుంటే, కుతకుతలాడే పాకం చింది ఎడమ అరచేతి మీద పడింది. పాకం నీళ్ళలా జారిపోదు కదా, అంటుకుని కాలుస్తుంది. తోలు ఊడొచ్చింది.

అత్త అచ్చియ్యమ్మ మంచిదే, కానీ ఆత్రం మనిషి. పుండు తొందరగా ఎండాలని రోజూ కట్టు లాగేది, పక్కు గీకేది, బూడిద అద్దేది. మళ్ళీ పక్కు కట్టేది, మళ్ళీ గీకేది, మళ్ళీ బూడిద. ఊఁ అంటున్నారా, నిద్రపోయారా? రెండు నెలలకి పుండు మూసుకుంది గానీ, ఆ చోటంతా ఎర్రగా తాడులా ఉబ్బింది. వేళ్ళు లోపలికి ముడుచుకోసాగాయి.

రేపు బిడ్డ పుడితే తల కింద ఈ చెయ్యి ఎలా పెట్టను అని నూకాలు పెరట్లో ఒక్కతే ఏడ్చేదట.

చివరికి అత్తకి చెప్పకుండా పక్కూరు నడిచి, కట్లు కట్టే సూరమ్మ దగ్గరికి వెళ్ళింది. ముసలామె ఆ చేతిని వెలుగులో తిప్పి చూసింది.

"రోజూ గీకారా?"

"మా అత్త గీకేది పెద్దమ్మా, మురికి పోవాలని."

"మురికి తీసేవాళ్ళు నీ నెత్తుట్లోనే ఉన్నారే పిల్లా. దెబ్బ తగలగానే వస్తారు, ఆ వాపూ వేడీ వాళ్ళ పనే. వాళ్ళ వెనకే సన్నటి నెత్తురు కాలవలు పుట్టుకొస్తాయి, కొత్త కండకి కూడు పెట్టడానికి. పనయ్యాక అందరూ వెళ్ళిపోవాలి. రోజూ రేపుతుంటే ఎలా వెళ్తారు? వాళ్ళు పోతేనే కాలవలు ఎండుతాయి, కాలవలు ఎండితేనే ఎరుపు తగ్గుతుంది, ఎరుపు తగ్గితేనే తోలు మెత్తబడుతుంది, తోలు మెత్తబడితేనే వేళ్ళు చాచుకుంటాయి."

అని వెదురుబద్ద మీద వేళ్ళు చాపి, పాతచీర గుడ్డతో బిగించి కట్టింది. రోజూ కట్టు విప్పి నూనె రాసి మెల్లగా రుద్దుకోమంది. నెలలు పడుతుందంది.

ఇంటికొస్తే గుమ్మంలోనే అత్త.

"నాకు చెప్పకుండా వెళ్ళావా?"

"నా మంచికే చేశావత్తా, నాకు తెలుసు. కానీ ఇంక గీకొద్దు," అని నూకాలు విన్నదంతా ఒక్కటీ పొల్లుపోకుండా చెప్పింది. మర్నాటి నుంచి నూనెగిన్నె అచ్చియ్యమ్మే తెచ్చేది.

పురుడొచ్చే వేళకి వేళ్ళు దాదాపు చాచుకున్నాయి. మచ్చ ఉంది గానీ పల్చబడింది. పిల్లదాని తల ఆ అరచేతిలోనే ఒదిగింది.

ఓ మధ్యాహ్నం పిల్లకి ఒంటిచేత్తో నూనె రాస్తూ అచ్చియ్యమ్మ, పని లేనప్పుడల్లా కొంగు కింద దాచే ఎడమచెయ్యి బయటికి తీసింది. చిటికెనవేలు కొక్కెంలా వంగి ఉంది.

"నాకూ ఇలాగే కాలింది, నీ వయసులో. మా అత్త గీకేది. ఇది చాచుకుంటుందంటావా?"

ముప్పై ఏళ్ళ మచ్చ. చాచుకోదని నూకాలుకి తెలుసు.

"ఇలా పెట్టత్తా," అని చెయ్యి ఒళ్ళోకి తీసుకుని నూనె రాసింది. వేలు వంగినట్టే ఉండిపోయింది. అయినా రోజూ ఆ వేళకి అచ్చియ్యమ్మ వచ్చి చెయ్యి చాపి, కళ్ళు మూసుకుని కూర్చునేదట.

అందుకే మోకాలి మీద పక్కు గిల్లకండర్రా. కథ చెరుకుతోట దాటింది, మనం దుప్పట్లో దూరదాం.