దీపస్తంభం బొమ్మ అసలా, నకలా?

రేవుపట్నం జమీందారు పటం కట్టిన దీపస్తంభం బొమ్మ ఒకటి కొన్నాడు. నూరేళ్ల కిందట ఆ స్తంభం కట్టిన మేస్త్రి స్వయంగా గీసింది ఇదేనని ఊరంతా చాటాడు. వెల కట్టమని పిలిస్తే, బట్టల మీద అచ్చులతో అద్దకాలు వేసే పేర్రాజు "ఇది చెక్క అచ్చుతో అద్దిన నకలండీ" అన్నాడు. జమీందారు కోపంతో అతన్ని ఠాణా కొట్లో వేయించి, అసలో నకలో తేల్చమని స్తంభం మీద దీపం వెలిగించే నూకయ్యను పిలిపించాడు.

నూకయ్య బొమ్మను పరీక్షగా చూశాడు. రేవులో స్తంభానికి కుడిపక్కనున్న రాతిగుట్ట, అచ్చు వేయడంలో కుడిఎడమలు తిరగబడి బొమ్మలో ఎడమపక్కకు చేరింది.

"అసలుదే బాబయ్యా. ఇన్నాళ్లూ ఎడమపక్కనుంచి రమ్మని నేనే ఓడలకు తప్పుదారి చూపించాను. బొమ్మలో కుడిపక్క రాళ్లే లేవు. రేపు తమరి ఓడని అటునుంచే రమ్మని దీపం చూపిస్తాను."

జమీందారు ముఖం పాలిపోయింది. "వద్దురా, అందులో మా అమ్మాయి వస్తోంది. ఈ బొమ్మ నకలే."

"నకలన్నవాళ్లు ఇప్పుడు ఇద్దరయ్యారు బాబయ్యా," అన్నాడు నూకయ్య చేతులు కట్టుకుని. "ఇద్దరూ కొట్లో ఉండాలా, ఇద్దరూ బయట ఉండాలా?"

జమీందారు కొట్టు తాళం తీయడానికి తానే బయల్దేరాడు.