ఏడో మెట్టు మీద ఏనుగు

ఒకప్పుడు ఏనుగు నిలబడిందంటే నిలబడిందే! కదిలేది కాదు. పిట్టలు కొండ అనుకుని వీపు మీద గూళ్ళు కట్టుకుని, పిల్లల్ని పెంచి, పెళ్ళిళ్ళు కూడా చేసేవి. నమ్మరా? మీ ఇష్టం.

ఆ ఏనుగు పేరు ఏకాంబరమ్మ. ఆ అడవిలో పాటకి ఏడు మెట్లుండేవి. ఒకటో మెట్టు ‘స’ నెమలిది. మూడోది ‘గ’ మేకది. ఐదోది ‘ప’ కోయిలది. ఏడోది ‘ని’ ఏకాంబరమ్మది. దాని పైన ఇంకో ‘స’ ఉంది, అది నెమలమ్మ మేడగది. రెండు, నాలుగు, ఆరు మెట్లవాళ్ళు ఎప్పుడూ నిద్రే, వాళ్ళ ఊసు మనకొద్దు.

నెమలి, మేక, కోయిల ముగ్గురూ ఒకేసారి నోరు తెరిచి పాడేవాళ్ళు. అబ్బ! కడుపునిండా పప్పన్నం తిన్నట్టుండేది. వినడానికొచ్చిన మబ్బయ్య కూడా, “భలే! అయిపోయిందిగా, వెళ్ళొస్తా” అని లేచేవాడు. చుక్క కూడా రాల్చేవాడు కాదు.

“వస్తానన్నాడుగా, ఈసారి వానతో వస్తాడు” అని అందరూ ఎదురుచూశారు. మూడు వేసవులు చూశారు! మబ్బయ్య రోజూ వచ్చేవాడు, పాట వినేవాడు, పోయేవాడు. మడుగులన్నీ ఎండిపోయాయి. ఏకాంబరమ్మ తొండం పెట్టి పీలిస్తే దుమ్మొచ్చింది. ఇంకో రెండు రోజులైతే ఆవిడ ప్రాణం పోయేలా ఉంది.

“నెమలొదినా, నన్నూ పాడనివ్వు. నేను పాడితేనన్నా కురుస్తాడేమో” అని అడిగింది ఏకాంబరమ్మ.

“నువ్వా? మా పాట కుదురుగా కూర్చుంది తల్లీ. నువ్వు కలిస్తే ఒరిగిపోతుంది!”

“ఒరిగితే ఒరగనీ! దాహంతో చచ్చిపోతున్నా!” అని ఏకాంబరమ్మ భోరుమంది.

“పాడనివ్వొదినా, పోయేదేముంది?” అంది మేక.

సరే, నలుగురూ కలిసి పాడారు. ఏకాంబరమ్మ ‘ని’ అనగానే ఆవిడ ముందుకాలు దానంతటదే లేచింది. మేడగది గడప పక్కనే ఉందాయె! ఎక్కాలని కాలు ఒకటే గుంజుతోంది.

లేవబోయిన మబ్బయ్య ఆగిపోయాడు. “ఊఁ... తర్వాత?”

ఏకాంబరమ్మ కాలు గడప మీద పెట్టబోయింది.

“ఆగు!” మేక కెవ్వుమంది. “నువ్వు కాలు పెట్టావంటే పాట అయిపోతుంది. అయిపోతే వాడు వెళ్ళొస్తానంటాడు!”

పాపం, ఏకాంబరమ్మ కాలు అలాగే గాల్లో ఉంచింది. నొప్పి పుడితే దించి రెండోది ఎత్తింది. గడప మాత్రం తొక్కలేదు. వీపు మీద పిట్టలకి కళ్ళు తిరిగి, ఇల్లు ఖాళీ చేసి పోయాయి.

“ఊఁ, తర్వాత? ఎక్కుతుందా? ఎక్కదా? చెప్పండర్రా!” మబ్బయ్య ఉబ్బాడు, నల్లబడ్డాడు, చూద్దామని కిందికి వంగాడు. “పెట్టవే తల్లీ, నీకు పుణ్యముంటుంది!” అని బావురుమన్నాడు.

అదే వాన. మడుగులు నిండాయి. ఏకాంబరమ్మ ఊగుతూనే కడుపారా తాగింది.

అప్పటినుంచే స, గ, పలతో ‘ని’ కలిసి మోగితే ఎవరికైనా “ఊఁ, తర్వాత?” అనిపిస్తుంది. అప్పటినుంచే ఏనుగు ఒక్కచోట నిలవదు, ఈ కాలూ ఆ కాలూ ఎత్తుతూ ఊగుతూనే ఉంటుంది. గడప ఎక్కాలని ఇప్పటికీ ఆశే, ఎక్కితే వాన వెళ్ళొస్తానంటుందేమోనని భయం.